యుద్ధరంగం నుంచి మిత్రులకు: కార్ల్ ష్వార్ట్స్‌షిల్డ్ జీవితం

కృష్ణబిలం అన్న మాట ఈ రోజు హైస్కూలు పిల్లలకు కూడా పరిచయమే. పత్రికల్లో చదువుతున్నారు, సినిమాల్లో చూస్తున్నారు. ఆ మాట వాడుకలోకి రావడానికి యాభై ఏళ్ల ముందే, దానికి పునాది అయిన లెక్కను ఒక సైనికుడు యుద్ధరంగంలో ఉండగా చేశాడనీ, ఆ లెక్క మొదట బయటి ప్రపంచానికి ఒక ఉత్తరంగా చేరిందనీ తెలిసినవారు మాత్రం తక్కువ. ఆ సైనికుడి పేరు కార్ల్ ష్వార్ట్స్‌షిల్డ్. ఆయన బతికింది 42 సంవత్సరాలు. చివరి ఆరు నెలల్లో మిత్రులకు రాసిన కొద్దిపాటి ఉత్తరాలు ఆయన పేరును శాశ్వతం చేశాయి.

పూర్వ విద్యార్థుల సంచికలో ఈయన గురించి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. బడి రోజుల్లో కలిసిన స్నేహం, నేర్పిన పెద్దలు, దూరంగా ఉన్నా ఉత్తరాలతో నిలబెట్టుకున్న సంబంధం ఈ మూడూ లేకపోతే ఆయన కథ లేదు. అందుకే ఈ సంచికకు ఈ కథ తగినదని నాకు అనిపించింది.

దాచుకున్న డబ్బులతో టెలిస్కోపు

ష్వార్ట్స్‌షిల్డ్ 1873 అక్టోబరు 9న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో ఒక యూదు వ్యాపారి ఇంట పుట్టారు. ఆరుగురు పిల్లల్లో పెద్దవారు. పదకొండేళ్ల దాకా యూదుల ప్రాథమిక పాఠశాలలో, ఆ తర్వాత నగరంలోని ఉన్నత పాఠశాలలో చదువుకున్నారు. ఆ కుటుంబంలో సైన్సు వైపు వెళ్లిన మొదటి మనిషి ఆయనే. చేతి ఖర్చులకు ఇచ్చిన డబ్బులు కూడబెట్టి కటకాలు కొని, సొంతంగా టెలిస్కోపు తయారు చేసుకున్నారు.

కొడుకు ఆసక్తి గమనించిన తండ్రి, ఎప్‌స్టైన్ అనే గణిత ఉపాధ్యాయుడైన తన స్నేహితుడికి పరిచయం చేశారు. ఆయనకు సొంత వేధశాల ఉండేది. టెలిస్కోపును ఎలా వాడాలో, దాని వెనుక గణితం ఏమిటో కార్ల్ అక్కడే నేర్చుకున్నారు. ఆ మాస్టారి కొడుకు పాల్ ఎప్‌స్టైన్ కార్ల్ కంటే రెండేళ్లు పెద్ద. ఇద్దరూ స్నేహితులయ్యారు. ఆ స్నేహం జీవితాంతం కొనసాగింది.

ఫలితం త్వరగానే కనిపించింది. 1890లో, ఇంకా స్కూల్లో ఉండగానే, ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంట నక్షత్రాల కక్ష్యల లెక్కల మీద ఆయన రాసిన వ్యాసాలు జర్మనీలో పేరున్న ఖగోళ పత్రికలో అచ్చయ్యాయి. అప్పటికి ఆయన వయసు పదహారు.

ప్లేటు మీద నక్షత్రాల కాంతి

స్ట్రాస్‌బర్గ్‌లో రెండేళ్లు చదివి, మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో 1896లో డాక్టరేటు తీసుకున్నారు. తర్వాత వియన్నాలోని కుఫ్నర్ వేధశాలలో ఉద్యోగం. అంతవరకు నక్షత్రాల వెలుగును కంటితో చూసి అంచనా వేయడమే ఎక్కువ. ష్వార్ట్స్‌షిల్డ్ ఫొటో ప్లేటు మీద పడిన నల్లటి మచ్చను కొలిచి, దాని నుంచి నక్షత్రపు వెలుగు ఎంతో కచ్చితంగా చెప్పే పద్ధతి తయారు చేశారు. కాంతి సగమై, సమయం రెట్టింపైతే ప్లేటు మీద ఫలితం ఒకటే రావాలని అప్పటి నమ్మకం. అది సరిగా రాదని కొలిచి చూపి, దానికి సూత్రం ఇచ్చారు. ఫొటోగ్రఫీ పుస్తకాల్లో ఆ సూత్రం ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది.

1901లో, 28 ఏళ్లకే, గోటింగెన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరూ, వేధశాల డైరెక్టరూ అయ్యారు. అంతకు ముందు మహాగణితవేత్త గౌస్ పనిచేసిన వేధశాల అది. అక్కడ క్లైన్, హిల్బర్ట్, మింకోవ్‌స్కీ వంటివారు సహచరులు. సుమారు 3,500 నక్షత్రాల వెలుగును కొలిచి జాబితా చేసే పని అక్కడే నడిచింది. 1905లో సూర్యగ్రహణం చూడటానికి అల్జీరియా వెళ్లారు. 1906లో సూర్యుడి లోపలి నుంచి వేడి పైకి ఎలా వస్తుందో, ఎప్పుడు అది కాంతిగా వస్తుందో, ఎప్పుడు గిన్నెలో మరిగే నీళ్లలా వాయువే పైకీ కిందికీ పొర్లుతుందో తేల్చే నియమం చెప్పారు. ఖగోళశాస్త్ర విద్యార్థులు ఇప్పటికీ దాన్ని మొదటి పాఠాల్లో చదువుతారు.

మనుషుల్లో ప్రతిభను గుర్తించడంలో కూడా ఆయనది పెద్ద చెయ్యి. డెన్మార్క్‌కు చెందిన హెర్ట్‌స్‌ప్రుంగ్ చదివింది కెమికల్ ఇంజనీరింగ్. ఖగోళశాస్త్రంలో డిగ్రీ లేదు. ఉత్తరాల ద్వారా ఆయన పని తెలుసుకున్న ష్వార్ట్స్‌షిల్డ్, 1909లో పిలిచి గోటింగెన్‌లో ఉద్యోగం ఇప్పించారు. తర్వాత తనతో పాటు పోట్స్‌డామ్‌కు తీసుకువెళ్లారు. ఆ ఇంజనీరు తర్వాతి కాలంలో ప్రపంచ ప్రఖ్యాత ఖగోళవేత్త అయ్యారు. మా వృత్తివారికి ఇది కాస్త గర్వపడదగిన విషయం.

1909లోనే గోటింగెన్ సర్జరీ ప్రొఫెసర్ కుమార్తె ఎల్సెతో వివాహం జరిగింది. అదే ఏడాది చివర బెర్లిన్ పక్కనున్న పోట్స్‌డామ్ ఖగోళ భౌతిక వేధశాల డైరెక్టరుగా వెళ్లారు. జర్మనీలో ఒక ఖగోళవేత్తకు అంతకంటే పెద్ద పదవి లేదు. ముగ్గురు పిల్లలు పుట్టారు: అగాథె, మార్టిన్, ఆల్ఫ్రెడ్.

నలభై దాటే వయసులో సైన్యంలోకి

1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ష్వార్ట్స్‌షిల్డ్ వయసు నలభై దాటి నలభై ఒకటి రాబోతున్నది. పెద్ద పదవి, చిన్న పిల్లలు. ఆయన వెళ్లవలసిన అవసరం ఎవరికీ లేదు. అయినా స్వచ్ఛందంగా సైన్యంలో చేరారు. జర్మన్ యూదులు తమ దేశభక్తి గురించి ఎవరూ వేలెత్తి చూపకూడదని అనుకున్న రోజులవి. ఆయన నిర్ణయం వెనుక ఆ ఆలోచన కూడా ఉందని జీవిత చరిత్రకారులు అంటారు.

మొదట బెల్జియంలో ఒక సైనిక వాతావరణ కేంద్రంలో పనిచేశారు. తర్వాత ఫ్రాన్స్‌లో, ఆపైన రష్యా వైపు యుద్ధరంగంలో ఫిరంగి దళంలో ఉన్నారు. దూరానికి పేల్చే గుండు ఏ దారిన పోతుందో లెక్క కట్టడం ఆయన పని. గాలి వేగం, గాలి సాంద్రత గుండు మార్గాన్ని ఎంత మారుస్తాయో 1915లో ఒక వ్యాసం రాసి బెర్లిన్ అకాడమీకి పంపారు. సైనిక రహస్యం కాబట్టి 1920 దాకా దాన్ని అచ్చు వేయలేదు.

ఈ విషయాన్ని దాటవేసి ఆయనను కేవలం రుషిలా చూపడం న్యాయం కాదు. నక్షత్రాల దారి లెక్క కట్టిన బుర్రే ఫిరంగి గుండు దారినీ లెక్క కట్టింది. మా ఇంజనీర్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఎదుర్కొనే ప్రశ్న ఇది. మన లెక్క ఎవరి చేతికి పోతుంది, దాంతో వారు ఏం చేస్తారు అన్నది ఎప్పుడూ మన చేతిలో ఉండదు. అదే మనిషి సాయంత్రం వేళ మిగిలిన కాసిని గంటల్లో ఏం చేశాడన్నది కూడా అంతే ముఖ్యం.

డిసెంబరు 22 నాటి ఉత్తరాలు

1915 నవంబరులో ఐన్‌స్టైన్ బెర్లిన్ అకాడమీలో వారానికొక వ్యాసం చొప్పున తన కొత్త గురుత్వాకర్షణ సిద్ధాంతాన్ని వివరించారు. నవంబరు 18 నాటి వ్యాసం బుధగ్రహం గురించి. సూర్యుడి చుట్టూ బుధుడు తిరిగే దీర్ఘవృత్తం మెల్లగా పక్కకు జరుగుతూ ఉంటుంది. మిగతా గ్రహాల ప్రభావం అంతా తీసేసినా, వందేళ్లకు 43 ఆర్క్ సెకన్ల జరుగుడు మిగిలిపోతుంది. ఒక డిగ్రీలో 3,600వ వంతును ఆర్క్ సెకను అంటారు. న్యూటన్ సూత్రంతో ఆ కొంచెం ఎందుకొస్తుందో చెప్పలేక ఖగోళవేత్తలు అర్ధ శతాబ్దానికి పైగా తలలు పట్టుకున్నారు. ఐన్‌స్టైన్ సిద్ధాంతం నుంచి ఆ 43 సెకన్లూ వచ్చేశాయి.

అయితే ఐన్‌స్టైన్ చేసింది ఉజ్జాయింపు లెక్క. ఆయన సమీకరణాలు పది. ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటాయి. వాటిని పూర్తిగా సాధించడం ఇప్పట్లో కుదరదని ఆయన అనుకున్నారు. ఆ వ్యాసం యుద్ధరంగంలో ఉన్న ష్వార్ట్స్‌షిల్డ్ చేతికి అందింది.

ఆయన చేసిన పని మా భాషలో చెబితే, సమస్యను దాని అతి సాదా రూపానికి తీసుకురావడం. ఆకాశంలో ఒకే ఒక వస్తువు ఉంది, అది పూర్తిగా గుండ్రం, కదలదు, తిరగదు, దాని చుట్టూ అంతా ఖాళీ. ఇంత తీసేశాక పది సమీకరణాల్లో మిగిలేది కొద్దిగానే. ఐన్‌స్టైన్ పొడవు, వెడల్పు, ఎత్తు అక్షాల్లో లెక్క చేస్తే, ష్వార్ట్స్‌షిల్డ్ కేంద్రం నుంచి దూరం, కోణాలు తీసుకున్నారు. ఐన్‌స్టైన్ సమీకరణాలకు పెట్టిన షరతు చెడకుండా ఆ కొలతలను తెలివిగా మార్చుకున్నారు. ఉజ్జాయింపు లేకుండా పూర్తి జవాబు వచ్చింది. ఐన్‌స్టైన్ వ్యాసం వచ్చిన 34వ రోజున, 1915 డిసెంబరు 22న, ఆ జవాబు ఉత్తరంగా బయలుదేరింది.

ఆ ఉత్తరంలో తన కష్టాల జాబితా లేదు. కొత్త సిద్ధాంతం ఒంటబట్టించుకుందామని బుధగ్రహం లెక్కను తానే మళ్లీ చేసి చూశానని వినయంగా మొదలుపెట్టి, తనకు దొరికిన సాధన వివరించారు. అంత అమూర్తమైన ఆలోచన నుంచి బుధుడి కదలిక అంత కచ్చితంగా బయటపడటం తనకు ఆశ్చర్యంగా ఉందన్నారు. చివర్లో, ఫిరంగుల మోత ఎంత ఉన్నా ఐన్‌స్టైన్ ఆలోచనల లోకంలో కాసేపు తిరిగి రావడానికి యుద్ధం తన మీద దయ చూపిందనే అర్థంలో రాశారు. యుద్ధం గురించి ఆయన చెప్పుకున్నది అంతే.

అదే రోజున మ్యూనిక్‌లో ఉన్న మిత్రుడు సోమర్‌ఫెల్డ్‌కు మరో ఉత్తరం రాశారు. ఐన్‌స్టైన్ బుధగ్రహ వ్యాసం చూశావా అని అడుగుతూ, ఖగోళవేత్త మనసుకు ఇదే దగ్గరి విషయమని సంతోషం పంచుకున్నారు. మంచి పుస్తకం చదివిన వెంటనే స్నేహితుడికి చెప్పకుండా ఉండలేని మనిషి స్వభావం అందులో కనిపిస్తుంది.

ఐన్‌స్టైన్ జనవరి 9న జవాబు రాశారు. ఇంత సులువుగా కచ్చితమైన సాధన దొరుకుతుందని తాను ఊహించలేదని మెచ్చుకుని, వచ్చే గురువారం అకాడమీలో సమర్పిస్తానని మాట ఇచ్చారు. అన్నట్టే 1916 జనవరి 13న సమర్పించారు. రచయిత యుద్ధంలో ఉన్నారు. ఆయన తరఫున నిలబడి చదివింది మిత్రుడు.

మంచం పట్టేలోగా

అప్పటికే ష్వార్ట్స్‌షిల్డ్‌కు పెంఫిగస్ అనే చర్మవ్యాధి సోకింది. శరీరాన్ని రక్షించవలసిన శక్తే చర్మం మీద తిరగబడి ఒళ్లంతా బొబ్బలు చేసే వ్యాధి ఇది. ఈ రోజు మందులతో అదుపు చేస్తున్నారు. ఆ రోజుల్లో ఆశ లేదు.

అయినా ఉత్తరాలు ఆగలేదు. ఫిబ్రవరి మొదట్లో ఐన్‌స్టైన్‌కు రాసిన ఉత్తరంలో రెండో లెక్క ఉంది. మొదటిది గోళం బయట గురుత్వాకర్షణ ఎలా ఉంటుందో చెబితే, ఇది గోళం లోపల ఎలా ఉంటుందో చెబుతుంది. గోళాన్ని ఒక హద్దు దాటి కుదిస్తే కేంద్రంలో ఒత్తిడి అనంతమవుతుందని తేలింది. 1900లోనే ఆయన విశ్వం వంపు తిరిగి ఉంటే ఆ వంపు ఎంత ఉండవచ్చో నక్షత్రాల కొలతల నుంచి అంచనా వేశారు. ఆ పాత ప్రశ్నను కూడా ఈ ఉత్తరంలో కొత్త సిద్ధాంతంతో కలిపి చూశారు. ఈ రెండో వ్యాసం ఫిబ్రవరి 24న అకాడమీకి చేరింది.

మూడోది పూర్తిగా వేరే దారి. విద్యుత్ క్షేత్రంలో ఉంచితే హైడ్రోజన్ వర్ణపటంలోని గీతలు చీలిపోతాయని స్టార్క్ 1913లో కనుక్కున్నారు. ఎందుకు చీలుతాయో ఎవరికీ తెలియదు. గ్రహాల కక్ష్యలకు వాడే పాత ఖగోళ గణితాన్నే ష్వార్ట్స్‌షిల్డ్ అణువులోని ఎలక్ట్రానుకు వాడి జవాబు రాబట్టారు. ఈ విషయమై సోమర్‌ఫెల్డ్‌తో ఆయనకు ఉత్తరాలు నడిచాయి. సరిగ్గా అదే సమయంలో మ్యూనిక్‌లో సోమర్‌ఫెల్డ్ శిష్యుడొకరు అదే సమస్య సాధించారు. ఆ శిష్యుడు రష్యా పౌరుడు. జర్మనీ లెక్కలో శత్రుదేశీయుడు. జర్మన్ సైనికుడూ, ఆ రష్యన్ యువకుడూ ఒకే జవాబుకు చేరారు.

మార్చిలో ఆరోగ్యం పూర్తిగా చెడి ఇంటికి పంపేశారు. 1916 మే 11న పోట్స్‌డామ్‌లో కన్నుమూశారు. మూడో వ్యాసం అచ్చయి వచ్చింది కూడా ఆ రోజే. గోటింగెన్‌లో ఖననం చేశారు. జూన్ 29న ఐన్‌స్టైన్ అకాడమీలో సంస్మరణ ప్రసంగం చేశారు. యుద్ధం ఇంకా జరుగుతూనే ఉంది. అయినా ఇంగ్లండ్‌లో ఎడింగ్టన్ అక్కడి రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో ఆయనకు నివాళి రాశారు. శత్రుసైన్యంలో ఫిరంగి లెక్కలు కట్టిన మనిషికి ఆ గౌరవం దక్కింది.

తర్వాత ఏమైంది

ఆయన సాధనలో ఒక దూరం ఉంది. ఏ వస్తువునైనా దాని బరువుకు తగిన ఆ దూరం లోపలికి కుదిస్తే కాంతి కూడా తప్పించుకోలేదు. ఇప్పుడు దాన్ని ష్వార్ట్స్‌షిల్డ్ వ్యాసార్ధం అంటారు. సూర్యుడికి అది సుమారు 3 కిలోమీటర్లు. ఈ అంకె ఆయన రెండో వ్యాసంలోనే ఉంది. భూమికి సుమారు 9 మిల్లీమీటర్లు, అంటే భూమినంతా ఒక గోళీకాయంత చేయాలి. అలాంటి వస్తువులు నిజంగా ఉంటాయని ఆయన చెప్పలేదు. ఐన్‌స్టైన్ 1939లో కూడా ఉండవనే వాదించారు. మన దేశం నుంచి వెళ్లిన చంద్రశేఖర్ 1930లో చేసిన లెక్క, 1939లో ఓపెన్‌హైమర్, స్నైడర్ రాసిన వ్యాసం ఆ దారి తెరిచాయి. కృష్ణబిలాన్ని కదిలిస్తే అది చెదిరిపోకుండా గంటలా మోగి సద్దుమణుగుతుందని 1970 నాటికి లెక్కతో చూపినవారు మన పొరుగున బెంగళూరుకు చెందిన విశ్వేశ్వర. ఆ మోతను 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని పరికరాలు పట్టుకున్నాయి. 2019 ఏప్రిల్ 10న కృష్ణబిలం మొదటి ఫొటో ప్రపంచం చూసింది.

అంత దూరం పోనవసరం లేదు. మన ఫోనులో దారి చూపే జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు, వేగం వల్ల వచ్చే తేడా కూడా కలుపుకుంటే, రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. దాన్ని సరిచేయకపోతే ఒక్క రోజులో పది కిలోమీటర్లకు పైగా తేడా వస్తుంది. భూమి గురుత్వాకర్షణ వల్ల వచ్చే భాగాన్ని లెక్క కట్టేది ష్వార్ట్స్‌షిల్డ్ సాధనతోనే.

ఆయన ఇంటివారి కథ మాత్రం మనసు కలచివేస్తుంది. ఏ దేశం కోసం ఆయన నలభై ఏళ్లు దాటే వయసులో యూనిఫారం వేసుకున్నారో, ఆ దేశంలో ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఆయన పిల్లలకు చోటు లేకుండా పోయింది. మార్టిన్ 1936లో జర్మనీ వదిలి, చివరకు అమెరికా చేరి, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశారు. తర్వాత ప్రిన్స్‌టన్‌లో నక్షత్రాల లోపలి నిర్మాణం మీద ప్రపంచంలోనే పెద్ద పేరు తెచ్చుకున్నారు. అగాథె న్యూజిలాండ్ వెళ్లి ప్రాచీన గ్రీకు సాహిత్యం బోధించారు. చిన్ననాటి మిత్రుడు పాల్ ఎప్‌స్టైన్ గణిత ప్రొఫెసర్ అయ్యారు. 1939లో నాజీల రహస్య పోలీసుల నుంచి పిలుపు వస్తే, వెళ్లడానికి బదులు ప్రాణం తీసుకున్నారు. ఆయన తండ్రి వేధశాలలో ఇద్దరు పిల్లలు కలిసి ఆకాశం చూసిన రోజులకు ఇంత విషాదమైన ముగింపు వస్తుందని ఎవరు ఊహిస్తారు?

మనకు మిగిలేది

దేశం ఆయనకు బాకీపడింది, తీర్చలేదు. మిత్రులు మాత్రం తమ బాకీ ఉంచుకోలేదు. యుద్ధరంగంలో కాగితం మీద చేసిన లెక్క అక్కడే బురదలో కలిసిపోవడానికి ఎంతసేపు? అది బతికింది రెండు కారణాల వల్ల. ఒకటి, దాన్ని వెంటనే ఎవరికి రాయాలో ఆయనకు తెలుసు. రెండు, అందుకున్నవారు పక్కన పడేయకుండా చదివి, అర్థం చేసుకుని, నలుగురి ముందు పెట్టారు.

మన బ్యాచ్‌లవారు పదో తరగతి దాటి ఊళ్లు మారినప్పుడు ఇన్‌లాండ్ లెటర్లు రాసుకునేవాళ్లం. మడత పెట్టే అంచుల మీద కూడా జాగా వదిలేవాళ్లం కాదు. పరీక్షలో రాని లెక్క, చదివిన నవల, హాస్టల్ సాంబారు అన్నీ అందులోనే. ఇప్పుడు ప్రతి బ్యాచ్‌కూ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. పొద్దున్నే పువ్వుల బొమ్మలు, పండగ శుభాకాంక్షలు వస్తాయి. అవి వద్దని అనను. కానీ మనలో డాక్టర్లు, రైతులు, టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఇంజనీర్లు ఉన్నారు. ఎవరికి వారు ఏదో ఒక చిక్కుముడి రోజూ విప్పుతూనే ఉన్నారు. అది ఎప్పుడైనా ఒకరికొకరం రాసుకున్నామా? ఎవరైనా రాస్తే ఐన్‌స్టైన్‌లా కూర్చుని చదివి జవాబు రాశామా?

మన సంఘానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంలో నాకు తోచిన చిన్న సూచన ఇదే. ప్రతి బ్యాచ్ నుంచి ఏటా ఒక్కరు తన పనిలో తాను విప్పిన ఒక్క చిక్కుముడి గురించి మన బడి పిల్లలకు ఒక ఉత్తరం రాయాలి. గురువులు దాన్ని ప్రార్థన సమావేశంలో చదివి వినిపించాలి. పిల్లలు జవాబు రాయాలి. దాచుకున్న డబ్బులతో కటకాలు కొనే పిల్లవాడో, పిల్లో మన బడిలో ఇప్పుడు కూడా తప్పకుండా ఉంటారు. వారికి తమ ప్రశ్న ఎవరికి రాయాలో తెలియాలి, అంతే.